నలుపు తెలుపు ఫొటో చూసి పనికొచ్చే అభిప్రాయం చెప్పడం ఎలా?

ఆదివారం తెల్లవారుజామున చార్మినార్ చుట్టూ కెమెరాలతో తిరిగేవారిలో చాలామంది మధ్యాహ్నానికల్లా తమ ఫొటోలను నలుపు తెలుపులోకి మార్చి స్నేహితులకు పంపిస్తారు. దాని వెంటే "అన్నా, ఎలా ఉందో చూసి చెప్పు" అన్న మాట కూడా వస్తుంది. చూసినవారు "సూపర్", "అదిరింది" అని ఊరుకుంటారు, లేదా "కొంచెం కాంట్రాస్ట్ పెంచు తమ్ముడూ" అని నోటికి వచ్చిన సలహా ఒకటి పడేస్తారు. ఈ రెండింటి వల్లా ఫొటో తీసినవారికి ఒరిగేదేమీ ఉండదు. "మేము నిపుణులం కాదు, మరి మమ్మల్ని అడిగితే ఏం చెప్పాలి?" అని పాఠకులు పదే పదే అడుగుతున్నారు కాబట్టి ఈ పద్ధతిని వివరంగా రాస్తున్నాను. ఇందుకు నిపుణులు కానవసరం లేదు. ఫొటోలో మీ చూపు ఎక్కడ నిలిచిందో, ఎక్కడ చెదిరిందో వేలు పెట్టి చూపించగలిగితే సగం పని అయినట్టే. చోటు చూపించని అభిప్రాయం ఎంత పాండిత్యంతో చెప్పినా గాలిలో కలిసిపోతుంది.

కావలసినవి

- పూర్తి సైజు ఫైలు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించుకుపోతుంది, నీడల్లోని సన్నని వివరాలు ముద్దగా మారతాయి. అందుకే డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.
- వీలైతే అదే ఫొటో రంగుల్లో ఉన్న ప్రతి. దీన్ని అయిదో మెట్టు వరకు తెరవవద్దు.
- కంప్యూటర్ తెర, లేదా కాస్త పెద్ద తెర ఉన్న ఫోన్.
- ఎల్ ఆకారంలో కత్తిరించిన రెండు అట్టముక్కలు. ఇంట్లో పడి ఉన్న పాత పెళ్లిపత్రికలు ఇందుకు చక్కగా సరిపోతాయి.
- ఒక కాగితం, పెన్ను.

1. ముందు తెరను సరిచూసుకోండి

రాత్రిపూట కళ్లకు శ్రమ తగ్గించడానికి ఫోన్లలో పెట్టుకునే పసుపు ఛాయను, వెలుతురును బట్టి తెర కాంతిని దానంతటదే మార్చే సౌకర్యాన్ని ఆపివేయండి. ఆ తరువాత తెర కాంతిని మధ్యస్థంగా పెట్టుకుని, ఎండ పడని చోట కూర్చోండి. నలుపు నుంచి తెలుపు దాకా పదకొండు మెట్లుగా ఉన్న బూడిద రంగుల పట్టీ ఒకటి నెట్‌లో వెతికి తెరిచి చూడండి. అన్నిటికంటే నల్లగా ఉన్న రెండు మెట్లు మీ తెర మీద ఒకటిగా కలిసిపోయి కనిపిస్తే, నీడల గురించి ఆ తెర చెప్పే సాక్ష్యాన్ని నమ్మకండి, నీడల గురించి మీరూ ఏమీ చెప్పకండి.

తెర మీద నమ్మకం లేనివారు ఫొటోను చిన్న ప్రింటుగా వేయించి, కిటికీ పక్కన పగటి వెలుతురులో చూడవచ్చు. అయితే చాలా కలర్ ల్యాబ్‌లు నలుపు తెలుపు ఫొటోను కూడా రంగుల కాగితం మీదే వేస్తాయి కాబట్టి, కొన్నిసార్లు ప్రింటులో లేత ఆకుపచ్చ ఛాయ గానీ ఊదా ఛాయ గానీ తొంగిచూస్తుంది. ఆ లోపాన్ని ఫొటో తీసినవారి ఖాతాలో వేయకండి.

2. చూడండి, మాట్లాడకండి

అర నిమిషం పాటు ఫొటోను ఊరికే చూసి, మీ చూపు మొదట ఎక్కడ పడిందో, అక్కడి నుంచి ఎటు వెళ్లిందో, చివరికి ఏ అంచు నుంచి బయటికి జారిందో కాగితం మీద రాసుకోండి. రంగులు లేని ఫొటోలో కన్ను సాధారణంగా మనిషి ముఖం మీదికి గానీ, అన్నిటికంటే వెలుగుగా ఉన్న చోటికి గానీ, నలుపూ తెలుపూ గట్టిగా ఎదురుపడే అంచుకు గానీ వెళుతుంది. అందువల్లే మూలన పడి ఉన్న తెల్లని ప్లాస్టిక్ సంచి, దుకాణంలో వెలుగుతున్న ట్యూబ్‌లైటు, రంగుల్లో ఎవరికీ పట్టనివి, నలుపు తెలుపులోకి రాగానే పెత్తనం చేస్తాయి.

మీ చూపు మీద మీకే అనుమానం ఉంటే మూడు ఉపాయాలు ఉన్నాయి. ఫొటోను తపాలా బిళ్లంత చిన్నది చేసి చూడండి, లేదా తలకిందులుగా తిప్పి చూడండి, లేదా కళ్లు సగం మూసి చూడండి. ఇలా చూసినప్పుడు కథ, మనుషులు మరుగున పడి, వెలుగు ముద్దలూ నల్లముద్దలూ మాత్రమే మిగులుతాయి. అప్పుడు కూడా మీ చూపు అదే చోటికి వెళ్లిందంటే, మీరు రాసుకున్నది సరైనదే.

3. ఇప్పుడు అడగండి

"ఇందులో మీరు ఏది కనిపించాలనుకున్నారు?" అన్న ఒక్క ప్రశ్న చాలు. "ఎందుకు తీశారు?" అని అడిగితే నిలదీసినట్టు ఉంటుంది. ఈ ప్రశ్నను రెండో మెట్టు తరువాతే అడగాలన్నది ముఖ్యం, ఎందుకంటే ముందే అడిగి చూస్తే మనకు వారు చెప్పినదే కనిపిస్తుంది. వారి జవాబూ మీ కాగితమూ కలిస్తే ఫొటో తన పని తాను చేసిందన్న మాట. కలవకపోతే, ఆ రెండింటి మధ్య ఉన్న దూరమే మీరు మాట్లాడవలసిన విషయం, మిగిలినదంతా మీ ఇష్టాయిష్టాల కిందికి వస్తుంది.

4. వెలుగునీడలను చోటు వెంట చోటుగా పరిశీలించండి

నలుపు తెలుపు ఫొటోకు ప్రాణం ఇక్కడే ఉంది కాబట్టి ఎక్కువ సమయం ఇక్కడే వెచ్చించండి. ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే ఇద్దరు అమెరికన్లు 1940 ప్రాంతంలో, అచ్చమైన నలుపు నుంచి అచ్చమైన తెలుపు వరకు ఛాయలను పదకొండు అంచెలుగా విడదీసిన పద్ధతి ఒకటి రూపొందించారు. దాన్నంతా నేర్చుకోనవసరం లేదు గానీ, అందులోంచి మూడు ప్రశ్నలు తీసుకోవచ్చు. నల్లని చోట్లలో గరుకుదనం, మడతలు కనిపించాలా, కనిపిస్తున్నాయా? తెల్లని చోట్లలో వివరం ఉండాలా, ఉందా? మధ్యలోని బూడిద ఛాయలు ఒకదాని నుంచి ఒకటి విడిగా తెలుస్తున్నాయా, లేక అన్నీ ఒకే మట్టంలో చప్పగా పడి ఉన్నాయా?

"ఉండాలా" అన్న మాటను వదిలిపెట్టకండి. మక్కా మసీదు నల్లరాతి గోడను దగ్గరగా తీసిన ఫొటోలో రాతి గరుకుదనమే విషయం కాబట్టి, అక్కడ నీడ ముద్దకట్టడం లోపమే. అదే తెల్లవారే ఆకాశం ముందు మినార్లు నల్లని ఆకారాలుగా నిలిచిన ఫొటోలో గోడల మీది వివరం కనబడటం లేదని ఫిర్యాదు చేస్తే, తీసినవారి ఉద్దేశం మీకు అందలేదని అర్థం. తెలుపు విషయమూ ఇంతే. హైదరాబాద్‌లోని పైగా నవాబుల వంశం సమాధుల దగ్గర సున్నపు పని, జాలీల నగిషీ చూపించే ఫొటోలో తెలుపు పేలిపోతే, అంటే వివరమేదీ మిగలని తెల్లముద్దగా మారితే, నగిషీయే పోయినట్టు, కానీ లాడ్ బజార్‌లో లక్క గాజుల మీద మెరిసే చుక్కలు అచ్చమైన తెలుపుగానే ఉండాలి. వాటిని కూడా అదుపులోకి తెమ్మని సలహా ఇస్తే గాజులు మట్టితో చేసినట్టు కళ తప్పుతాయి.

హిస్టోగ్రామ్ (ఫొటోలో ఏ ఛాయ ఎంత ఉందో, 0 అంటే నలుపు నుంచి 255 అంటే తెలుపు దాకా చూపే గ్రాఫ్) చూడటం తెలిసినవారు దాన్ని సాక్షిగా వాడుకోండి, న్యాయమూర్తిగా కాదు. గీత ఎడమ చివర 0కు గానీ కుడి చివర 255కు గానీ అతుక్కుని ఉంటే అక్కడ వివరం పోయి ఉండవచ్చని అది చెబుతుంది. ఆ పోవడం ఫొటోలో ఏ చోట జరిగింది, అది ఆ ఫొటోకు చేటా కాదా అన్నది మాత్రం మీరే చూసి చెప్పాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. మన దగ్గర చామనఛాయ, నలుపు ఛాయ ఉన్నవారి ఫొటో చూడగానే "ముఖం కొంచెం తెల్లగా చెయ్యండి" అనడం దురలవాటుగా మారింది. ముఖం నల్లగా ఉండటం వేరు, ముఖం మీద వెలుగు లేకపోవడం వేరు. చెంప ఎముక మీద, ముక్కు దూలం మీద, కింది పెదవి మీద సన్నని మెరుపు పట్టి, కంటిలో వెలుగు చుక్క కనిపిస్తూ, బుగ్గ నుంచి దవడ దాకా ఛాయ మెల్లగా మారుతూ ఉంటే ఆ ముఖం సరిగ్గా వచ్చినట్టే, దాన్ని ఇంకా తెల్లబరిస్తే ఆ మెరుపులన్నీ చర్మంలో కలిసిపోయి ముఖం పిండి పూసినట్టు తయారవుతుంది. ఇవేవీ కనిపించక ముఖం ఒకే ముద్దగా ఉన్నప్పుడు మాత్రం, "ఎడమ చెంపకూ వెనకనున్న గోడకూ మధ్య అంచు తెలియడం లేదు" అని చోటు చెప్పి మాట్లాడండి.

5. రంగుల ప్రతి తెరిచి, మార్పిడి ఎలా జరిగిందో చూడండి

ఒకే కాంతితో ఉన్న రెండు వేర్వేరు రంగులు బూడిదలోకి మారినప్పుడు ఒక్కటైపోతాయి. విస్తృతంగా వాడే ఒక లెక్క ప్రకారం బూడిద ఛాయలో ఆకుపచ్చకు సుమారు 59 శాతం, ఎరుపుకు 30 శాతం, నీలానికి 11 శాతం వాటా దక్కుతుంది. దీని పర్యవసానం బోనాల ఫొటోల్లో స్పష్టంగా కనిపిస్తుంది. పసుపు రాసిన బోనం కుండ, ముఖం బాగా వెలుగుగా వస్తాయి. కుంకుమ బొట్లూ, కుండకు కట్టిన వేపమండలూ మాత్రం, రంగుల్లో అంత కొట్టొచ్చినట్టు వేరుగా ఉన్నవి, ఇంచుమించు ఒకే ముదురు బూడిదలో కలిసిపోతాయి.

ఇటువంటి ఫొటోకు "కాంట్రాస్ట్ పెంచండి" అంటే ప్రయోజనం లేదు, ఎందుకంటే ఒకే మెట్టు మీద ఉన్న రెండు ఛాయలను కాంట్రాస్ట్ విడదీయలేదు. ఫొటోలు సవరించే యాప్‌లలో, ఒక్కో రంగు బూడిదలో ఎంత వెలుగుగా రావాలో మార్చే జరుపుడు మీటలు (స్లైడర్లు) ఉంటాయి కాబట్టి, "ఎరుపు స్లైడర్‌ను కొంత పెంచి, ఆకుపచ్చను కొంత తగ్గించి చూడండి, బొట్లు వేపాకు నుంచి విడిపోతాయేమో" అని చెప్పండి. దానితోపాటు, ఎరుపు, నారింజ స్లైడర్లను కదిపితే మనుషుల చర్మం కూడా కదులుతుందని చెప్పడం మరవకండి.

ఆకాశం విషయంలో కూడా ఇలాంటి పొరపాటు సలహా తరచుగా వినిపిస్తుంది. హుస్సేన్ సాగర్ మధ్యలోని బుద్ధ విగ్రహం తెల్లని ఆకాశంలో కలిసిపోయిన ఫొటోకు "నీలం తగ్గించండి, ఆకాశం నల్లబడుతుంది" అంటారు. అక్కడ ఉన్నది మబ్బు పట్టిన ఆకాశమైతే అందులో నీలమే లేదు కాబట్టి స్లైడర్ ఎంత లాగినా ఏమీ కదలదు. రంగుల ప్రతి చూడకుండా ఈ సలహా ఇవ్వకూడదనేది ఇందుకే. నిజంగా నీలాకాశమే అయితే, మరీ ఎక్కువగా లాగితే ఆకాశం నిండా మచ్చలు తేలి, విగ్రహం అంచు చుట్టూ తెల్లని గీత పుడుతుందని కూడా హెచ్చరించండి.

రంగుల ప్రతి అందుబాటులో లేకపోతే ఈ మెట్టును దాటవేయండి, ఊహించి చెప్పకండి.

6. అంచులు

ఎల్ అట్టముక్కలు రెండింటినీ ఎదురెదురుగా పెట్టి, ప్రింటు మీదో తెర మీదో జరుపుతూ, ఏ అంచును లోపలికి తెస్తే ఫొటో గట్టిపడుతుందో చూడండి. కత్తిరించమని చెప్పేటప్పుడు "ఎడమ వైపు స్కూటర్ చక్రం పోయేదాకా" అన్నట్టు గుర్తు పెట్టి చెప్పాలి.

7. గ్రెయిన్, నాయిస్

దీని మీద ఎక్కువసేపు గడపనవసరం లేదు. ఫొటోను పూర్తి సైజుకు పెంచి ఒక్కసారి చూడండి. పిండి చల్లినట్టు అంతటా సమానంగా ఉన్న గ్రెయిన్ చాలామంది కోరి తెచ్చుకునేదే. నీడల్లో మాత్రమే చారలు చారలుగా, మచ్చలుగా ఉన్నది అయితే, చీకటిలో తీసిన ఫొటోను ఆ తరువాత బలవంతంగా వెలుగు చేసినందువల్ల వచ్చిన నాయిస్. మొదటిది నచ్చకపోతే అది మీ అభిరుచి, రెండోదాన్ని మాత్రం లోపంగా చెప్పవచ్చు.

8. మాటలు కూర్చుకోండి

చెప్పే క్రమం ఇది: చూపు ఎక్కడ పడింది, దేన్ని కదపకూడదు, ఏ చోట ఇబ్బంది ఉంది, ఏమి చేసి చూడవచ్చు. ఇబ్బందులు ఎన్ని కనిపించినా రెండింటికి మించి చెప్పవద్దు. వారు చూపించాలనుకున్న దానికి అడ్డుపడుతున్న రెండింటినే ఎంచుకోండి.

ఉదాహరణకు ఒక ఫొటో తీసుకుందాం. ఇరానీ హోటల్‌లో పాలరాతి బల్ల దగ్గర నల్లకోటు వేసుకున్న ఒక పెద్దాయన కూర్చుని, రెండు చేతులతో సాసర్ ఎత్తి చాయ్ తాగబోతున్నాడు. వెనక కుడివైపు వీధి తలుపు కొంచెం తెరిచి ఉంది. తీసిన యువకుడు "ఆయన చేతులు కనిపించాలి సార్" అన్నాడు. అతనికి ఇలా చెప్పవచ్చు:

"నా చూపు మొదట సాసర్ మీద పడి, అక్కడి నుంచి కుడి చేతి వేళ్ల మీదికి వెళ్లింది. వేళ్ల కణుపుల దగ్గర వెలుగు నీడలోకి జారిన తీరు బాగుంది, దాన్ని ముట్టుకోకు. అయితే పైన కుడి మూలలో తలుపు సందు తెల్లని పట్టీలా ఉండి చూపును బయటికి లాగేస్తోంది. ఎడమ చెయ్యి కోటు నలుపులో కలిసిపోయి, ఆయన ఒంటిచేత్తో సాసర్ పట్టుకున్నట్టు ఉంది. నువ్వు చేతులు కనిపించాలన్నావు కాబట్టి ముందు తలుపు పట్టీ పోయేదాకా కత్తిరించి చూడు. ఇరుకుగా అనిపిస్తే కత్తిరించకుండా, కెమెరా దాచిన అసలు రా ఫైలులో ఆ చోట వివరం ఏమైనా మిగిలి ఉందేమో చూసి, అక్కడ మాత్రమే వెలుగు తగ్గించు. ఎడమ మణికట్టు అంచును పిసరంత వెలుగు చేసి, రెండూ అయ్యాక మళ్లీ పంపు."

రా ఫైలు ప్రస్తావన ఎందుకంటే, పూర్తిగా పేలిపోయిన తెలుపును పైనుంచి నల్లబరిస్తే వివరం తిరిగి రాదు, మురికి బూడిద మచ్చ ఒకటి మిగులుతుంది. వయసులో పెద్దవారికి చెప్పేటప్పుడు "ముట్టుకోకు" స్థానంలో "అలాగే ఉంచితే బాగుంటుందండీ" అనండి, కానీ మర్యాద పేరుతో తలుపు పట్టీ సంగతిని మింగేయకండి.

తరచుగా జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, అభిప్రాయం అడిగితే తాము తీసిన ఫొటోల సంగతి చెప్పుకోవడం. "నేనైతే కింద కూర్చుని తీసేవాణ్ణి" అనడం తరువాత తీయబోయే ఫొటోకు పనికొస్తుందేమో గానీ, చేతిలో ఉన్న ఫొటోకు పనికిరాదు. ఆ మాట చెప్పదలిస్తే చివరన, విడిగా చెప్పండి.

"రంగుల్లోనే బాగుండేది" అనే మాట తొందరపడి అనకండి. ఫొటోలోని విషయం రంగు మీదే ఆధారపడి ఉన్నప్పుడు అది న్యాయమైన మాటే, పైన చెప్పిన కుంకుమ, వేపాకు ఎంత ప్రయత్నించినా విడిపోకపోతే నేనూ అదే అంటాను. కానీ అయిదో మెట్టు దాటకుండా అనడం అన్యాయం.

నలుగురి ముందు చెప్పడం మరో పొరపాటు. వాట్సాప్ గ్రూపులో ఒకరు లోపం ఎత్తిచూపగానే మిగిలినవారు కూడా దాన్నే పట్టుకుంటారు, ఫొటో పెట్టినవారు మాట మార్చి ఊరుకుంటారు. బాగున్న చోటు గ్రూపులో చెప్పి, ఇబ్బంది ఉన్న చోటు విడిగా చెప్పడం మేలు.

పాత ఫొటోలకు నేటి కొలతలు వర్తింపజేయడం గురించి కూడా ఒక మాట. ఆరో నిజాం కొలువులో పనిచేసిన రాజా దీన్ దయాళ్ తీసిన కట్టడాల ఫొటోల్లో ఆకాశం తరచుగా ఖాళీ తెలుపుగా కనిపిస్తుంది. ఫిల్ముకు బదులు వాడిన ఆయన కాలపు గాజు ప్లేట్లు నీలానికి ఎక్కువగా, ఎరుపుకు అతి తక్కువగా స్పందించేవి కాబట్టి నీలాకాశం తెల్లబడేది. అన్ని రంగులకూ స్పందించే ప్లేట్లు బజారులోకి వచ్చింది 1906లో, దీన్ దయాళ్ కన్నుమూసింది 1905లో. మీ ఇంటి పాత పెట్టెలోని ఫొటోలో అమ్మమ్మగారి బొట్టు తారు చుక్కలా ఉన్నా, ఆ పాపం స్టూడియోవారిది కాకపోవచ్చు.

మీ అభిప్రాయం పనిచేసిందో లేదో సరిచూసుకోండి

చెప్పిన వెంటనే, తమకు ఏమి అర్థమైందో వారి మాటల్లో చెప్పమని అడగండి. "మొత్తం వెలుగు పెంచమన్నారు కదా" అని జవాబు వస్తే, మీరు మణికట్టు అంచు అన్నది వారికి చేరలేదు. ఫొటో మీద ఆ చోట గీత గీసి మళ్లీ పంపించండి.

సవరించిన ఫొటో వచ్చాక పాతదాన్నీ కొత్తదాన్నీ ఒకే సైజులో పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలో వెలుగు ఎక్కువగా ఉన్నది మొదటి చూపుకు తరచుగా బాగున్నట్టే తోస్తుంది కాబట్టి వెంటనే తీర్పు చెప్పకుండా మరుసటి ఉదయం ఇంకోసారి చూడండి. ఆ తరువాత, ఆ ఫొటోను అంతకుముందు చూడని మనిషికి మూడు సెకన్లు చూపించి మూసేసి, "ఏం కనిపించింది?" అని అడగండి. ఇంట్లో ఫొటోగ్రఫీ పట్టనివారు ఉంటే ఈ పరీక్షకు వారే తగినవారు. "ఎవరో చాయ్ తాగుతున్నారు, చేతులు వణుకుతున్నట్టున్నాయి" అన్నారంటే ఫొటో దారిలో పడినట్టే, "తలుపు తీసి ఉంది" అన్నారంటే పట్టీ ఇంకా పోలేదు.

సవరించిన ప్రతి పాతదానికంటే దిగజారితే ఆ సంగతి నేరుగా చెప్పి, పాతదానికి వెనక్కి వెళ్లి, చెప్పిన రెండు మార్పుల్లో ఒకదాన్ని మాత్రమే చేసి పంపమనండి. ఏ మార్పు చేటు చేసిందో అప్పుడు ఇద్దరికీ తెలుస్తుంది. ఒకవేళ వారు మీ సలహా విని, ప్రయత్నించి, "నాకు ముందుదే నచ్చింది" అంటే ఫొటో వారిది, అక్కడితో ఆపండి.